చేపకి ట్యాక్స్ లేదు, ఐస్‌కి ఉంది

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మామూలుగా వాటర్ ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, లిఫ్ట్ మళ్లీ ఎందుకాగింది, ఎవరి బండి ఎవరి పార్కింగులో పెట్టేరు, ఇవే నడుస్తాయి. 2025 నవంబర్లో ఒకాయన, మధురవాడలో ఐటీలో మేనేజరు, మంచోడే, పండక్కి మా ఇంటికి అరిసెలు కూడా పంపిస్తాడు, ఉన్నట్టుండి "ఈ దేశంలో ట్యాక్స్ కట్టేది మనం నలుగురమే, మిగతావాళ్లంతా మన మీద పడి తినేవాళ్లే" అని పెట్టాడు. కింద ఇరవై చప్పట్లు, మూడు దండాలు, ఒక మండే నిప్పు బొమ్మ. నేను సగం టైప్ చేశాను, మా ఆవిడ చూసి ఫోన్ లాక్కుంది. పార్కింగ్ గొడవలో మనకి మిగిలిన ఒకే ఒక్క ఫ్రెండ్ ఆయన, ఊరుకో అంది. ఊరుకున్నా. అందుకే ఇక్కడ రాసుకుంటున్నా, ఇది చదివేంత ఓపిక ఆయనకి ఉండదు.

నా గురించి తెలియనివాళ్లకి ఒక్క ముక్క. సీఏ ఇంటర్ రెండో గ్రూప్ దగ్గర ఆగిపోయినోడిని. అక్కయ్యపాలెంలో మెట్ల కింద ఆఫీసు, అంటే ఒక టేబులు, ఒక ప్రింటరు, వానొస్తే తడిసే ఒక గోడ. చిన్న షాపుల జీఎస్టీ రిటర్నులు, జీతగాళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటా. ట్యాక్సుల గురించి పెద్ద పెద్ద మాటలు మాట్లాడే అర్హత లేదు గానీ, ఎవరు ఎంత కడుతున్నారో కింద నుంచి బాగానే కనిపిస్తుంది.

ఆ మెసేజ్ వచ్చిన వారంలోనే మా వీధికి చేపలు తెచ్చే పిన్ని ఆఫీసుకొచ్చింది. తెల్లారి నాలుక్కి ఫిషింగ్ హార్బర్లో వేలంపాటకెళ్లి, కానాగంతలో చందువాలో దొరికినవి తట్టకెత్తుకుని, తొమ్మిదింటికల్లా మా సందులో కేకేస్తుంది. కొడుక్కి ఆటో కొనాలి, బ్యాంకాయన ఐటీఆర్, అంటే ఏడాది సంపాదన లెక్క చూపించే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను, తెమ్మన్నాడంట. డ్యూ డేట్ సెప్టెంబర్ 16తో అయిపోయింది కానీ డిసెంబర్ 31 దాకా లేటుగా వేసుకోవచ్చు, కూర్చో పిన్నీ అన్నా. తట్ట బయట పెట్టి కూర్చుంది. పిల్లి ఒకటి అప్పటికే సెటిలైపోయింది అక్కడ.

ఇలాంటి చిన్న వ్యాపారాలకి సెక్షన్ 44ఏడీ అని ఒక సుఖమైన దారుంది. పుస్తకాలు రాయక్కర్లేదు, మొత్తం అమ్మకంలో క్యాష్‌గా వచ్చిన దాంట్లో ఎనిమిది శాతం, ఫోన్‌పేలో బ్యాంకులో వచ్చిన దాంట్లో ఆరు శాతం, కనీసం అంతైనా లాభం కింద చూపించి రిటర్ను వేసేయొచ్చు, ఎక్కువుంటే ఎక్కువ చూపించాలి. ఇది ఆవిడకి చెప్తే "ఆరు శాతమేటి బావూ, మాకు మిగిలీది అరువే" అంది. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు.

ఫోన్‌పే స్టేట్‌మెంట్ తీసి, క్యాష్ అమ్మకం అడిగి, వేలంలో కట్టినవి తీసేసి చూస్తే నెలకి పదిహేను వేలు అటూ ఇటూ మిగులుతుంది. ఏడాదికి లక్షా ఎనభై వేలు. ట్యాక్స్ సున్నా, లేట్ ఫీజు కూడా లేదు. ఆ సున్నా చూపిస్తూ నీకు ట్యాక్స్ ఏం లేదు పిన్నీ అన్నాను, శుభవార్త చెప్తున్నట్టు. "అదేటి, మరి ఐస్ బిల్లులో రాస్తాడే, జీఎస్టీ అని?" అంది.

అక్కడ దొరికిపోయాను. నిజమే. పచ్చి చేపకి జీఎస్టీ లేదు, ఐస్‌కి 5 శాతం ఉంది. చేపలు పెట్టుకునే థర్మాకోల్ డబ్బాకి 18. మూడు ఫోన్లకి రీచార్జ్, 18. "అందుకున్నాము" అని అరిచే ఆ ఫోన్‌పే స్పీకరు డబ్బా అద్దె మీద 18. గ్యాస్ బండకి 5. సబ్బు, పేస్టు, తలనూనె 2025 సెప్టెంబర్ 22న 18 నుంచి 5కి తగ్గాయి, సంతోషం, అంతవరకు ఎనిమిదేళ్లు కట్టింది. ఇవన్నీ ఒకెత్తు, పెట్రోలు ఒకెత్తు. కొడుకు బండి మీద హార్బర్ నుంచి తెస్తాడు కదా, పెట్రోలు అసలు జీఎస్టీలోనే లేదు, ఢిల్లీ ఎక్సైజు ఢిల్లీది, దాని మీద మన రాష్ట్రం వ్యాట్ 31 శాతం, పైన లీటరుకి నాలుగు రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. లీటరు రేటులో నలభై శాతం పైనే పన్ను. "మరి మా ఆయన తాగీది?" అని అడిగింది. అది లెక్కేస్తే ఆయనొక్కడే రాష్ట్రాన్ని నడిపేస్తున్నట్టు తేలుతుంది పిన్నీ, వదిలేయ్ అన్నా.

క్యాలిక్యులేటర్ మీద వేసి చూశా. మందు పక్కన పెట్టినా నెలకి పన్నెండు వందల దాకా వస్తోంది. పదిహేను వేలల్లో పన్నెండు వందలు, ఎనిమిది శాతం. ఇటు మేనేజరు గారు, పాతిక లక్షల జీతం అనుకుందాం, 2025-26లో కొత్త రెజీములో, అంటే కొత్త పన్ను పద్ధతిలో, జీతగాళ్లకి ఊరికే తగ్గించే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే మూడు లక్షల ఇరవై వేల దాకా పడుతుంది, పన్నెండున్నర పదమూడు శాతం. ఆయనా సబ్బు కొంటాడు, ఆయనా పెట్రోలు పోయించుకుంటాడు, ఆ పన్ను దీనికి అదనం. కాబట్టి ఆయన బాధ అబద్ధం అనను. జీతం చేతికి రాకముందే కోసేసుకుంటారు, దాక్కోడానికి ఇంత సందు ఉండదు. కానీ మన మీద పడి తింటున్నారన్న మాట మాత్రం తప్పు. అంతకన్నా తమాషా ఏంటంటే ఆయన టీములో పన్నెండు లక్షల డెబ్భై అయిదు వేల జీతం ఉన్న కుర్రాడికి 2025-26 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా. నెలకి లక్ష వచ్చేవాడిదీ సున్నానే, చేపల పిన్నిదీ సున్నానే. ఐస్ గడ్డ మీద ఇద్దరికీ అదే అయిదు శాతం.

జీఎస్టీలో ఇంకో కిటుకుంది, బయటవాళ్లకి పెద్దగా తెలీదు. నా క్లయింటు ఒకాయన హోల్‌సేల్‌లో థర్మాకోల్ డబ్బాలు అమ్ముతాడు. ఆయన కంపెనీకి కట్టిన జీఎస్టీని, అమ్మేటప్పుడు వసూలు చేసిన జీఎస్టీలోంచి తీసేసుకుని మిగిలిందే గవర్నమెంటుకి కడతాడు, అదే ఇన్‌పుట్ క్రెడిట్. అంటే ఆయన జేబులోంచి పోయేది ఏమీ లేదు, అటు నుంచి ఇటు దాటించడమే. గొలుసంతా ఇలాగే ఒకరి మీద నుంచి ఒకరి మీదకి దాటుకుంటూ వచ్చి ఎక్కడ ఆగుతుందయ్యా అంటే, ఇంక దాటించడానికి ఎవరూ లేనోళ్ల దగ్గర ఆగుతుంది. పిన్ని అమ్మే చేపకి జీఎస్టీ లేదు కాబట్టి ఆవిడకి క్రెడిట్ కూడా లేదు. డబ్బా మీద 18 ఆవిడ తట్టలోనే ఆగిపోయింది. ఆఫీసు రిజిస్టర్లలో మాత్రం కట్టినవాడిగా హోల్‌సేలరు పేరే ఉంటుంది, ఆయన గోడ మీద సర్టిఫికెట్ కూడా తగిలించుకున్నాడు.

ఇదంతా ఆలోచిస్తుంటే నాకొకటి తోచింది. పన్ను న్యాయంగా ఉందా లేదా అన్నప్పుడు మనం ఎప్పుడూ శాతాలు చూస్తాం, 5, 18, 30 అని. అసలు చూడాల్సింది ఎవరు కదలగలరు, ఎవరు కదల్లేరు అని. పిన్ని కదల్లేదు. మేనేజరు కొంచెం కదలగలడు, కెనడా అంటుంటాడు ఎప్పుడూ. నా ఇల్లు అసలే కదలదు, అందుకే ఇంటిపన్ను అంత ధీమాగా వేస్తారు. కదిలేవాడితో మాత్రం గవర్నమెంటు బేరమాడుతుంది.

మన వైజాగ్‌లోనే చూడండి. 2025 ఏప్రిల్లో రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కి 21 ఎకరాల పైచిలుకు 99 పైసలకి ఇచ్చారు, తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కి కూడా అదే 99 పైసల రేటు. మా నాన్న కాలంలో రుషికొండ వైపు భూమి కొనమంటే పాములున్నాయని కొనలేదు, ఆ సంగతి ఇప్పుడు ఎత్తితే ఇంట్లో భోజనం దొరకదు. అక్టోబర్‌లో గూగుల్ వాళ్లు అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామన్నారు, తర్లువాడ, అడవివరం, రాంబిల్లి వైపు డేటా సెంటర్లు, వాళ్లకీ రాయితీలున్నాయి. నేను వద్దనే రకం కాదు. మా అక్క కొడుకు బీటెక్ అయిపోయి హైదరాబాద్‌లో ముగ్గురితో గది పంచుకుంటున్నాడు, టీసీఎస్ చెప్పిన 12 వేల ఉద్యోగాల్లో ఒకటి వాడికొచ్చి ఇంటికొచ్చేస్తే మా అక్క అప్పన్న స్వామికి మెట్లు కడుగుతానని మొక్కుకుంది. మనం ఇవ్వకపోతే పక్క రాష్ట్రం ఇస్తుంది అంటారు, నిజమే ఇస్తుంది. అదే కదా కష్టం. అందరూ అలాగే అనుకుంటారు కాబట్టే అందరూ ఇస్తున్నారు, చివరికి కంపెనీ ఎక్కడో ఒక చోటకి ఎలాగూ వచ్చేదే, కానీ వచ్చేలోపు రేటు 99 పైసలకి దిగిపోయింది.

రాష్ట్రాల మధ్య నడిచే ఈ ఆటే దేశాల మధ్య ఇంకా పెద్దగా నడుస్తోంది. ఐర్లండ్ కంపెనీలకి పన్నెండున్నర శాతం పన్నని పెట్టి ప్రపంచంలో ఉన్న పెద్ద టెక్ కంపెనీలన్నిటినీ పిలుచుకుంది. అదైనా పూర్తిగా కట్టారా అంటే, యాపిల్ వాళ్ల ఐరిష్ కంపెనీ ఒకటి 2014లో లాభం మీద కట్టింది 0.005 శాతం అని యూరప్ దేశాల కూటమిని నడిపే యూరోపియన్ కమిషనే తేల్చింది. అంటే పది లక్షల లాభానికి యాభై రూపాయలు. పిన్ని ఒక్క నెలలో రీచార్జ్ మీద అంతకన్నా ఎక్కువే కడుతుంది. 13 బిలియన్ యూరోలు వెనక్కి కట్టమని 2016లో ఆర్డరిస్తే కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2024 సెప్టెంబర్లో ఖాయమైంది. ఇక్కడ వింత, ఆ డబ్బు మాకొద్దు అని యాపిల్ పక్కన నిలబడి పోట్లాడింది ఐర్లండ్ గవర్నమెంటే. వచ్చే డబ్బు వద్దని కోర్టుకెళ్లినవాడిని నా సర్వీసులో ఒక్కడిని చూడలేదు. పదమూడు బిలియన్లు తీసుకుంటే రేపు ఇంకో కంపెనీ రాదేమో అని భయం.

మనకీ ఇలాంటిదొకటుంది, వొడాఫోన్ కేసు. 2007లో హచ్ కొన్నారు కదా, ఆ కుక్కపిల్ల యాడ్ హచ్. ఫోన్లు ఇక్కడ, టవర్లు ఇక్కడ, రీచార్జ్ చేసుకునే మనం ఇక్కడ. అమ్మింది మాత్రం ఇక్కడి హచ్ వాటాలు చేతిలో పెట్టుకుని, పన్నుల్లేని కేమన్ దీవుల్లో ఉన్న ఒక కంపెనీ షేరు. ఇద్దరూ విదేశీ కంపెనీలు, అమ్మకం విదేశంలో, కాబట్టి ఇండియాకి ఏం సంబంధం అన్నారు. 11 వేల కోట్ల దాకా నోటీసిస్తే 2012 జనవరిలో సుప్రీం కోర్టు వొడాఫోన్ పక్షానే చెప్పింది. వెంటనే మనవాళ్లు పాత తేదీ నుంచి వర్తించేలా చట్టం మార్చారు, అది ఇంకో అన్యాయం, ఆట అయిపోయాక రూల్ మారుస్తామంటే నా దగ్గరికొచ్చే కిరాణా షాపువాడైనా ఊరుకోడు. చివరికి 2020లో అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గర ఓడిపోయి 2021లో ఆ పాత తేదీ రూల్‌నే వెనక్కి తీసుకున్నారు. కాలేజీలో ఈ కేసు చదివినప్పుడు భలే తెలివిరా అనుకున్నా. ఇప్పుడేమో పిన్ని తట్టని కేమన్ దీవుల్లో రిజిస్టర్ చేయించలేం కదా అనిపిస్తుంది.

ఊరొదిలేసి పన్ను తప్పించుకోవాలని చూడటం మన తెలుగోళ్లకి కొత్తేం కాదు లెండి. చీరాల పేరాల కథ స్కూల్లో చదివే ఉంటారు. 1919లో రెండూళ్లని కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనకాల జనం ఇళ్లకి తాళాలేసి 1921లో ఊరు బయట రామనగర్ అని పాకలేసుకుని పదకొండు నెలలున్నారు. ఎండలో, వానలో, పిల్లాపాపలతో. దుగ్గిరాలని జైల్లో పెట్టారు, పాకల్లో ఉండలేక జనం మళ్లీ ఆ ఇళ్లకే వచ్చేశారు. మనిషి కదలడం అంత కష్టం. అదే కంపెనీ కదలాలంటే ఒక పోస్టు బాక్సు నంబరు, ఒక లాయరు సంతకం చాలు, మధ్యాహ్నం భోజనం టైముకి అయిపోతుంది.

ఈ పరుగు ఆపాలనే 2021 అక్టోబర్‌లో 136 దేశాలు ఒప్పుకున్నాయి, పెద్ద కంపెనీలు, అంటే 75 కోట్ల యూరోల పైన టర్నోవర్ ఉన్నవి, ఎక్కడ లాభం చూపించినా కనీసం 15 శాతం కట్టాలి, ఆ దేశం తీసుకోకపోతే ఇంకో దేశం ఆ తేడా వసూలు చేసుకోవచ్చు అని. ఐడియా బాగుంది, ఐర్లండ్ కూడా పెద్ద కంపెనీలకి 15 చేసింది. 2025 జనవరిలో ట్రంప్ వచ్చిన రోజే మాకు ఇది వర్తించదు అన్నాడు, జూన్‌లో జీ7 అనే ఏడు పెద్ద దేశాల వాళ్లు సరే మీ కంపెనీలకి మినహాయింపు అన్నారు. పిలిచిన పెళ్లికి అసలు చుట్టమే రానన్నాడు. మన దగ్గర కూడా, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే మేనేజరు గారికి కోపం రావాల్సింది ఇక్కడ: 2019 సెప్టెంబర్లో కంపెనీల పన్ను 22 శాతానికి దించారు, 2023-24కి వచ్చేసరికి కంపెనీలు కట్టింది 9.11 లక్షల కోట్లు, మనుషులు కట్టింది పది లక్షల కోట్లు దాటింది. జీతంలో చివరి రూపాయి మీద 30 శాతం, షేర్లు ఏడాది దాటాక అమ్ముకున్న లాభం మీద పన్నెండున్నర. ఇది గ్రూపులో పెడదామనుకున్నా, సగం మందికి షేర్లున్నాయని గుర్తొచ్చి ఆగాను. నాకూ ఉన్నాయి, కొన్ని, నష్టాల్లో.

ఇంకొకటి, పిన్ని చెప్పేదాకా నాకు తట్టనేలేదు. ఆవిడ కోడలు దువ్వాడ వైపు ఒక రొయ్యల ప్లాంటులో పీలింగ్ చేస్తుంది. తలకాయలు తీసి, తొక్క ఒలిచి, నరం లాగి, కిలోకి ఇంతని. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 7వ తేదీన 25 శాతం, 27న ఇంకో 25 శాతం వేసింది, రష్యా ముడిచమురు కొంటున్నామని. యాభై. అంతకు ముందున్న డ్యూటీలు వేరే. ఈక్వడార్ రొయ్యకి అప్పట్లో 15. పేరుకి ఆ పన్ను కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడు. వాడు ఊరికే కడతాడా, రేటు తగ్గించమంటాడు, ఎక్స్‌పోర్టరు రైతుకిచ్చే రొయ్య రేటు కోస్తాడు, రైతు చెరువులో రొయ్యపిల్ల వేయడం మానేస్తాడు, ప్లాంటులో వారానికి ఆరు షిఫ్టులున్నది మూడయ్యాయి. "ట్రంపు గాడికి మా కోడలేటి బాకీ బావూ?" అని అడిగింది. ఇంపోర్ట్ డ్యూటీ ఎలా పనిచేస్తుందో వీడియోల్లో గంటలు గంటలు చెప్తుంటారు. నాకు మాత్రం థర్మాకోల్ డబ్బా గొలుసే మళ్లీ కనిపించింది, ఈసారి సముద్రం దాటి పొడుగ్గా. రష్యా ముడిచమురు కొన్నవాళ్లకి ఏమైందో తెలీదు గానీ, రొయ్య ఒలిచే పిల్లకి మూడు షిఫ్టులు పోయాయి, పండక్కి కొందామనుకున్న చీర కూడా పోయింది.

పైన కూర్చున్న మూడు వేల మంది బిలియనీర్లు ఏటా ఆస్తిలో కనీసం రెండు శాతం కట్టేలా చూస్తే 200 నుంచి 250 బిలియన్ డాలర్లు వస్తాయని గాబ్రియేల్ జుక్‌మన్ అనే ఎకనమిస్టు బ్రెజిల్ అడిగితే 2024లో జీ20 అనే పెద్ద దేశాల కూటమికి లెక్క వేసిచ్చాడు. రియోలో జరిగిన ఆ జీ20 సమావేశం ప్రకటనలో ధనికుల పన్ను గురించి మంచి వాక్యం రాసుకుని ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. మన దేశంలో సంపద పన్ను 1957లో వచ్చింది, 2015 బడ్జెట్లో తీసేశారు, వసూలు తక్కువ ఖర్చెక్కువ అని. వారసత్వం మీద ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. ఒకప్పుడు 1973-74లో ఇన్‌కమ్ ట్యాక్స్ పై రేటు 97.75 శాతం దాకా ఉండేది, అది మాత్రం పిచ్చి, వంద సంపాదిస్తే రెండు రూపాయల పావలా చేతికిస్తే ఎవడు నిజం చెప్తాడు. ఆ పిచ్చి చూసి భయపడ్డోళ్లు ఇప్పుడు రెండు శాతం అన్నా ఉలిక్కిపడతారు.

సరే, రిటర్ను సంగతి. అంతా నింపి, ఆధార్ ఓటీపీ చెప్పు పిన్నీ అంటే ఫోను నాకే ఇచ్చేసింది. వెరిఫై అయింది, అక్నాలెడ్జ్‌మెంట్ ప్రింట్ తీసిచ్చా. ఫీజు అడగలేదు, అరకిలో కానాగంతలు బలవంతంగా పెట్టింది, పిల్లి చాలా నొచ్చుకుంది. ఆవిడకి తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు, అంకెలు బాగా వచ్చు. కాగితం మీద వేలు పెట్టి కిందదాకా వచ్చి ఒకచోట ఆగింది.

"ఇదేటి బావూ, ఈ సున్నా?"

"నువ్వు కట్టిన ట్యాక్స్ పిన్నీ."

"ఇందాకల నువ్వే పన్నెండొందలన్నావు కదా నెలకి. అది కూడా రాయి మరి. బ్యాంకోడు సూస్తాడు."

రాయడానికి ఆ ఫారంలో గడి లేదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.